ఊరు పెరిగిన చెఱువు తఱుగవలెనా?



ఇంటి వ్యవహారములలో మన యభిప్రాయమును అడుగువారు అరుదని మనలో పలువురు వగచుట కలదు. కాని హైదరాబాదునందు నేడొక విషయమున మాత్రము ఇల్లాలి సమ్మతి లేనిదే అడుగు ముందుకు పడుట లేదు. నగరమునందే ఉందమా, పొలిమేరలకు తరలిపోవుదమా యనునదియే ఆ విషయము. ఏలయన, ఊరి వెలుపల ప్లాటు కొనవలెనన్నచో మొట్టమొదట కుదువకు పోవునది మన మెడలోని బంగారమే. స్త్రీధనము నేలగా మాఱునపుడు ఆ నేల యెట్టిదో, నిన్నటి వఱకు అది యేమిగా నుండెనో విచారించుట మన విధి. ఈ మాసము ఆ విచారమునే చేయుదము.

ఈ చర్చయందు రెండు పక్షములు కలవు. మొదటి పక్షమువారు ఇట్లందురు: నగరమధ్యమున గాలి లేదు, వెలుతురు లేదు, బిడ్డలు మట్టిని త్రొక్కి యెఱుగరు, నలుబది కిలోమీటర్ల కావల ఇన్నూఱు గజముల స్థలము కొని, చిన్న యిల్లు కట్టి, చుట్టును జామయు నిమ్మయు మల్లెయు నాటికొన్నచో ప్రకృతి యొడిలో నుండవచ్చును. రెండవ పక్షమువారు, బడియు వైద్యుడును అంగడియు బంధువులును ఉన్న చోటును విడిచి, ప్రతిదినమును మగవారు నాలుగు గంటలు దారిలో గడుపుట యేమి సుఖమని యడుగుదురు. రెండు పక్షములును తమ సుఖమునే తూచుచున్నవి. మేము మూడవ పక్షమును గూడ పిలిచి అడుగవలెనని తలచితిమి. ఆ పక్షమునకు నోరు లేదు. అది నేల, నీరు, చెట్టు.

తెలంగాణపు నేల పీఠభూమి. పైన పలుచని మట్టి, అడుగున గట్టి రాయి. కురిసిన వాన లోనికి ఇంకునది కొంచెము, పల్లమునకు పరుగిడునది అధికము. ఈ స్వభావము నెఱిగిన పూర్వులు ప్రతి పల్లమునకును ఒక కట్ట పోసి, ఒక చెఱువు మత్తడి దూకిన నీరు క్రింది చెఱువునకు చేరునట్లు గొలుసుగా కట్టిరి. వానాకాలమున ఆ గొలుసు వరదను పట్టి యుంచును. వేసవిని చుట్టుప్రక్కల బావులకు ఊటనిచ్చును. హైదరాబాదు నగరము 1591లో వెలసెను గాని, హుస్సేనుసాగరము అంతకు సుమారు ముప్పది సంవత్సరములకు ముందే ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున నిర్మింపబడెను. అనగా ఇచ్చట నగరమునకు చెఱువే అక్క.

మన గ్రంథములు సప్తసంతానములను చెప్పునపుడు కడుపున బుట్టిన కొడుకుతోపాటు తటాకమును వనమును గూడ సంతానముగనే లెక్కించినవి. కడపమండలమునందలి పోరుమామిళ్ల చెఱువుగట్టున 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, తగులరాని ఆఱు దోషములను అది వివరించును. బిడ్డ జాతకమును వ్రాయించునంత శ్రద్ధతో చెఱువు లక్షణమును ఱాతిమీద చెక్కించిన జాతి మనది.

ఆ శ్రద్ధ తప్పినచో నేమగునో మూసీనది ఒకమాఱు చెప్పినది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన నది పొంగి, పైనున్న చెఱువుల కట్టలు పెక్కులు తెగి, సుమారు 15,000 మంది మరణించిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణమునందున్న చింతచెట్టు నెక్కి నూటయేబది మంది వఱకు ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని నిలిచియున్నది. అనంతరము నిజాము ప్రభువు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపింపగా, వరదను నగరమునందు గాక నగరమునకు పైనే ఆపవలెనని వారు చెప్పిరి. ఆ సలహా ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము వెలసినవి. మనము గండిపేట నీళ్లని ప్రీతితో చెప్పుకొనునది ఆ మొదటిదానినే. ఒకే కట్టతో వరదయు నిలిచెను, త్రాగునీరును దొరకెను.

ఆ జలాశయములను కాపాడుటకై 1996వ సంవత్సరము మార్చిలో ప్రభుత్వమువారు 111వ సంఖ్యగల ఉత్తరువును వెలువరించిరి. జలాశయములకు పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామములయందు కాలుష్యము గలిగించు పరిశ్రమలును, పెద్ద హోటళ్లును, నివాసపు కాలనీలును కూడదని దాని సారాంశము. 2022వ సంవత్సరము ఏప్రిలులో ఆ కట్టుబాట్లను సడలించుచు మఱియొక ఉత్తరువు వచ్చినది. నగరమునకు నేడు కృష్ణాజలము నాగార్జునసాగరము నుండియు, గోదావరీజలము ఎల్లంపల్లి నుండియు, నూఱేసి కిలోమీటర్లకు మించిన దూరమునుండి యంత్రములతో ఎత్తి తెప్పింపబడుచున్నది గావున, ఈ పాత జలాశయములతో పని యేమని కొందఱు వాదింతురు. వాటి రెండవ పనిని వారు మఱచిరి. 2025వ సంవత్సరము సెప్టెంబరు చివర భారీవర్షములకు ఆ రెండిటి గేట్లను ఎత్తవలసి వచ్చినపుడు, మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సు ప్రాంగణమే నీటిలో మునిగెను. త్రాగుటకు నీరు ఎచ్చటినుండి యైనను తెచ్చుకొనవచ్చును. వరద నిలుచుటకు చోటును మాత్రము వేఱొక యూరినుండి తెచ్చుకొనలేము.

ఇక ఊరు పెరిగిన తీరును చూతము. 1951 జనగణనయందు నగరజనము సుమారు పదునొకండు లక్షలు. 2011 నాటికి మహానగరపాలక సంస్థ హద్దులలోనే అది 67 లక్షలకు మించినది. 2007లో పండ్రెండు పురపాలక సంఘములను కలిపికొని ఆ సంస్థ సుమారు 650 చదరపు కిలోమీటర్లకు విస్తరించెను. మరుసటి యేట ఏర్పడిన మహానగరాభివృద్ధి సంస్థ పరిధి 7,000 చదరపు కిలోమీటర్లకు పైబడినది. నగరమునకు వడ్డాణమువలె 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి చుట్టుకొన్నది. వడ్డాణము నడుమునకు హద్దు కావలెను గదా! ఇచ్చట నది హద్దుగాక, ఆవలికి పోవుటకు ద్వారమైనది.

పొలము ప్లాటుగా మాఱు క్రమమును గమనింపుడు. మొదట చెలకలో జొన్న నిలిచిపోవును. పిదప యంత్రము వచ్చి మెరకను పల్లమును ఒకటిగా చదును చేయును. అచ్చట వానకాలమున మాత్రమే నిండు చిన్న కుంట యున్నచో, వేసవిని కొనువారికి అది కనబడదు. మట్టితో పూడ్చినపిదప ఉండెనని చెప్పువారును ఉండరు. కుంట పూడెను గాని వాన మానదు. ఆ నీరు తన పాత దారినే వెదకుచు వచ్చి, ఆ దారిని కట్టిన యింటి గడప దాటును. 2020వ సంవత్సరము అక్టోబరు వానలలో బాలాపురపు గుఱ్ఱం చెఱువు కట్ట తెగి క్రిందనున్న కాలనీలను ముంచెను. టోలిచౌకి దగ్గఱ షాహతీం చెఱువు చెంగట నున్న నదీంకాలనీవారు దినముల తరబడి నీటి నడుమ నుండిరి. చెఱువు ఇంటిలోనికి వచ్చెనని పత్రికలు వ్రాసినవి. ఇల్లు చెఱువులోనికి పోయెనని వ్రాసిన సరిపోవును.

చెఱువులతోపాటు తఱిగిపోవునవి కంచలు. కంచ యనగా ఊరి పసులు మేయు బీడునేల. పట్టణవాసుల కంటికి అది పనికిమాలిన ముండ్లచోటు. కాని దక్కను ప్రకృతి నిజమైన పుట్టిల్లు అదియే. గుండ్రని బండల నడుమ సీతాఫలపు చెట్లు, మోదుగ, తంగేడు. వాని నీడను నెమళ్లు, ముంగిసలు, ఉడుములు. ఆశ్వయుజ కార్తికములలో మనము గంపలతో కొను సీతాఫలములను ఎవరును నీరుపోసి పెంచలేదు. ఆ కంచలే యిచ్చినవి. 2025వ సంవత్సరము మార్చి నెలాఖరున హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరముల విషయమై వివాదము రేగి, యంత్రములు రాత్రింబవళ్లు చెట్లను కూల్చుచుండగా విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిలు 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆ పనిని ఆపించెను. అప్పటికే సుమారు నూఱు ఎకరములలో చెట్లు నేలగూలినవి.

భారతము చదివిన సోదరీమణులకు ఇది క్రొత్త కథ కాదు. పాండవులకు రాజ్యభాగముగ ఖాండవప్రస్థము లభించెను, ఇంద్రప్రస్థము వెలసెను, ఆదిపర్వము చివర ప్రక్కనున్న ఖాండవవనము దగ్ధమయ్యెను. ఆ మంటలలో జరిత యను పక్షి, ఱెక్కలు రాని నలుగురు పిల్లలతో చిక్కుకొని, వారిని ఎలుక బొరియలో దాచనా, నా ఱెక్కల క్రింద కప్పుకొని చావనా యని విలపించుట తల్లియైన ప్రతి స్త్రీ యొకమాఱు చదువదగినది. వనమునుండి బ్రతికి బయటపడినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. మయుడు కృతజ్ఞతతో సభను కట్టి యిచ్చెను. ఆ సభ యెంత అందమైనదో అంత అసూయకును జూదమునకును దారితీసెను. ఇల్లు కాలిపోయిన తక్షకుడు మాత్రము ఆ దినమును మఱవలేదు. అర్జునుని మనుమడైన పరీక్షిత్తునకు శృంగి శాపము నిమిత్తమైనను, కాటు వేసినవాడు తక్షకుడే. వనమునకు చేసిన అప్పు తాతను విడిచి మనుమని యొద్ద వసూలైనది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ప్రకృతిని ప్రేమించి పొలిమేరకు పోవువారు ప్రకృతికి మేలు చేయుచున్నారా? లెక్క చూచిన తెలియును. ఒక యెకరమనగా 4,840 చదరపు గజములు. బాటలకును ఇతరములకును మూడవవంతునకు మించి విడువగా, ఇన్నూఱు గజముల ప్లాటులు పదునాలుగో పదునైదో తేలును. అంత స్థలముననే నగరమునందు ఐదంతస్తుల మేడ కట్టినచో నాలుగైదింతల కుటుంబములు నివసింపగలవు. అనగా, ఇంటికొక జామచెట్టు కావలెనని పదునైదు కుటుంబములు కోరినపుడు, వారు నాటు పదునైదు జామచెట్ల కొఱకు ఒక యెకరము కంచయో చెలకయో మాయమగును. అదిగాక ఆ ప్లాటులలో ఇండ్లు కట్టబడునవి కొన్నియే. ధర పెరుగునని కొని, హద్దురాళ్లు పాతి, ఏండ్ల తరబడి విడిచినవి పెక్కులు. అచ్చట పంటయు లేదు, ఇల్లును లేదు, మేతయు లేదు. అట్టి నేలను గొడ్రాలి నేల యనుటకును మనసొప్పదు. గొడ్రాలనుట స్త్రీజాతికి నింద, ఈ నేలకో ఆ స్థితిని తెచ్చినది మానవుడే.

ఇందులో మనవంటి స్త్రీల కష్టమును గూడ తలపవలెను. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములనుండి కూరలును పూలును నగరపు అంగళ్లకు వచ్చుచుండును. పొలము అమ్ముడుపోయినపుడు పట్టాదారునకు ధనము దొరకును. ఆ పొలమున కలుపు తీసి, కాయ కోసి కూలి తెచ్చుకొను స్త్రీకి ఏమియు దొరకదు. ఆమె పేరు ఏ కాగితముననులేదు. కొంతకాలమునకు ఆమె అదే నేలమీద వెలసిన యింటిలో అంట్లు తోమ వచ్చును. మన ముంగిట నిలిచినది ఆ నేలకు పాత యజమానురాలు కాకపోవచ్చును గాని, ఆ నేలను మనకంటె బాగుగ నెఱిగినది మాత్రము ఆమెయే.

అట్లని నగరవాసులు నిర్దోషులని మేము చెప్పము. మన యింటి చెత్త జవహర్‌నగరము చెంత కొండయై, అచ్చటి బిడ్డల ఊపిరిని చెఱచుచున్నది. మన మురుగు మూసీలో కలసి నల్లగొండ రైతుల పొలములకు పాఱుచున్నది. మేడలెల్ల మంచివియు కావు. గండిపేటకు సమీపముననున్న కోకాపేటలో 2023వ సంవత్సరమున ఎకరము నూఱుకోట్లకు పైగా వేలము పలికినది. అచ్చట ఆకాశమునంటు మేడలు లేచుచున్నవి. ఊరు ప్రక్కలకును పైకిని ఏకకాలమున పెరిగినచో లాభమేమున్నది? ఎంత యెత్తున కట్టితిమను దానికంటె, ఏ నేలపై కట్టితిమనునదే ముఖ్యము. ఇదివఱకే ఊరైన చోట ఇంకొక అంతస్తు వేసికొనుట మేలు. చెఱువు పైభాగమున, కంచ నడుమ కట్టునది రెండంతస్తులైనను నలుబది యంతస్తులైనను కీడే.

నగరమునందు ప్రకృతి నిలువదనుటయు సత్యము కాదు. సంగారెడ్డి మండలపు అమీనుపురము చెఱువు పరిశ్రమల నడుమ నుండియు పక్షులకు ఆశ్రయమై, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగ గుర్తింపు పొందినది. చేవెళ్లకు పోవు బీజాపురపు బాట కిరువైపుల నూఱేండ్లనాటి మఱ్ఱిచెట్లు వందలకొలది కలవు. బాట వెడల్పు చేయుటకై వానిని కొట్టవలెనన్నపుడు పౌరులు న్యాయస్థానమును ఆశ్రయించి పోరాడిరి. పోరాడినవారందఱును వనవాసులు కారు. మనవలె కూరలు తఱిగి, బిడ్డలను బడికి పంపు సంసారులును వారిలో కలరు.

కావున కొనగోరు సోదరీమణులకు మా మనవి యిది. స్థలమును వైశాఖమున చూడవలదు. భాద్రపదమున, మూడు దినములు ముసురు పట్టిన పిదప పోయి చూడుడు. వేసవిని ఏ నేలయైనను మెరకవలెనే కనబడును. ఆ యూరిలో వృద్ధురాలి నొకతెను పలుకరించి ఆ పొలమునకు పూర్వమున్న పేరు అడుగుడు. దళారి చెప్పు ఆంగ్లపు పేరులో ఏమియు లేదు. కుంటకింది చెలకయనియో, వాగొడ్డు మడియనియో ఆమె చెప్పినచో అంతయు తెలిసిపోవును. చెఱువు పూర్తిగ నిండినపుడు నీరు నిలుచు హద్దును పటములందు చూపుదురు. ఇరువదియైదు ఎకరములు దాటిన చెఱువైనచో ఆ హద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్నదైనచో 9 మీటర్లు విడువవలెనని 2012 నాటి నిర్మాణనిబంధనలు చెప్పుచున్నవి. పటమును చూపుమని నిర్భయముగ అడుగుడు. వాడిన నీరు ఎచ్చటికి పోవునో అడుగుడు. సమాధానము రాకున్న, అది ప్రక్కనున్న చెఱువులోనికే పోవునని తెలిసికొనుడు. కట్టి యుండుటకు గాక, ధర పెరుగుటకై మాత్రము కొనుటను మానుడు. బంగారము పెట్టెలో నున్నను ఎవరికిని కీడు లేదు. నేల పెట్టెలో నుండునది కాదు.

ఇదివఱకే పొలిమేరను ఇల్లు కట్టుకొన్నవారు పెరడంతయు సిమెంటు పోయింపక, సగమైనను మట్టిగ విడువుడు. నీరు విరివిగ కోరు పచ్చికకు మాఱుగ వేప, కానుగ, నేరేడు, చింత నాటుడు. నిలిచియున్న చెట్టును కొట్టవలెనన్న 2002 నాటి చట్టము ప్రకారము అనుమతి పొందవలెనని ఇంటివారికి జ్ఞాపకము చేయుడు. నగరమునందే యుండువారు, పాత యింటిని అమ్మి దూరము పోవుటకు ముందు, దానిమీద ఒక అంతస్తు వేసి కొడుకును కోడలిని నిలుపుకొనుట సాధ్యమేమో చూడుడు. అట్లయిన ముసలి అత్తగారికి ఒంటరితనమును, మగవారికి దారిబడలికయు తప్పును. ఒక చెలకయు బ్రతుకును. వీథిలోని చెట్టు నగరపాలకులదని విడువక, బియ్యము కడిగిన నీరైనను దానికి పోయుడు.

వాననీరు భూమిలోనికి దిగుటకై పెరటిలో ఇంకుడు గుంతను త్రవ్వించు విధమును, దానికి కావలసిన కంకర, ఇసుకల కొలతలను వచ్చు మాసము వివరింతుము. ఈలోపల మీ యింటి కప్పుమీద పడు వాన ఏ గొట్టమున దిగి ఎచ్చటికి పోవుచున్నదో, ఒక వానదినమున గొడుగు వేసికొని వెంబడించి చూచి వ్రాయుడు. అది ఏ చెఱువునకు చేరవలసినదో, ఆ చెఱువు నేడున్నదో లేదో దానివలననే తెలియును.